గీసి తొక్కే పట్నం, తొక్కి గీసే పట్నం: కాళ్లతో గీసిన గీతల కథ

ఇయ్యాల ఎపిసోడ్ మా చిన్నకోడూరు నుంచే. పొద్దున్నే ఆరు కిలోమీటర్లు ఉరికొచ్చి మైక్ ముందు కూసున్న, అందుకే గొంతుల కొంచెం ఆయాసం వినిపిస్తది, ఏమనుకోకండి.

చరిత్ర ఛానల్‌లో ఈ ఉరుకుడు ముచ్చట ఎందుకు అనుకుంటున్నారా? చెప్తా. ముందు నా సంగతి రెండు నిమిషాలు వినండి.

2022లో కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడ్డప్పుడు మా ఊర్లె సగం మంది పోరగాళ్లు గ్రౌండ్‌కే పోయేది. మొగపిల్లలకు 1600 మీటర్లు, 7 నిమిషాల 15 సెకన్లు. అంటే 400 మీటర్ల ట్రాక్ మీద నాలుగు రౌండ్లు. నేను ఎనిమిది నెలలు అదే ఉరికిన. తిరిగిన చోటే తిరుగుడు, ఫోన్ల స్టాప్‌వాచ్ చూసుడు. చివరికి అసలు రోజు తొమ్మిది సెకన్లు లేటైంది. అంతే, ఇంటికి. ఎనిమిది నెలల కష్టానికి నా దగ్గర మిగిలింది ఆ తొమ్మిది సెకన్ల అంకె ఒక్కటే. ఆర్నెల్లు బూట్ల మొఖం చూడలే.

ట్రెడ్‌మిల్ ఒకప్పుడు శిక్ష

ఆ ఆర్నెల్లలో ఒక పుస్తకంలో చదివిన విషయం నన్ను పట్టుకుంది. ఇయ్యాల జిమ్ముల్లో డబ్బులు కట్టి ఎక్కే ట్రెడ్‌మిల్ ఉంది కదా, అది 19వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో జైలు శిక్ష. 1818లో విలియం క్యూబిట్ అనే ఇంజినీరు ఖైదీల కోసం దాన్ని తయారుచేశాడు. పెద్ద చక్రం, దాని మీద మెట్లు. ఖైదీలు గంటల తరబడి ఎక్కుతూనే ఉండాలి, ఎంత ఎక్కినా ఉన్నచోటే ఉంటారు. కొన్ని జైళ్లలో ఆ చక్రంతో పిండి ఆడించేవారు. చాలా చోట్ల అది గాలిని తిప్పడం తప్ప ఏ పనీ చేసేది కాదు. రచయిత ఆస్కార్ వైల్డ్ కూడా 1895లో జైలుకు పోయినప్పుడు ఆ మెట్లు ఎక్కాడు. 1898 చట్టం తర్వాత ఆ శిక్ష మెల్లగా కనుమరుగైంది.

ఇది చదివినంక నాకు ఒకటి అర్థమైంది. నన్ను అలసిపోయేటట్టు చేసింది పరుగు కాదు. ఎంత ఉరికినా ఎక్కడికీ చేరకపోవుడు, వెనక ఏమీ మిగలకపోవుడు.

కొమురవెల్లిల దొరికిన ఆలోచన

మా సిద్దిపేట జిల్లాలోనే కొమురవెల్లి మల్లన్న గుడి ఉంది. మహాశివరాత్రి రాత్రి అక్కడ పెద్దపట్నం వేస్తరు. చూసినోళ్లకు తెలుసు, చూడనోళ్ల కోసం చెప్తున్న. పంచరంగుల పొడులతో నేల మీద ఇంత పెద్ద ముగ్గు. ఒగ్గు పూజారులు గంటల కొద్దీ కూసొని గీస్తరు. గీసుడు అయిపోయినంక, మల్లన్న పాటలు, డోళ్ల మోత మధ్య ఆ ముగ్గును తొక్కుతరు. దాన్నే పట్నం తొక్కుడు అంటం.

నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. కానీ ఆ ఏడాది చూస్తుంటే వేరే తీరు ఆలోచన వచ్చింది. గీసి తొక్కేది పట్నం. మరి తొక్కి గీయొచ్చా? అంటే, నేను ఉరికిన బాటే ఒక బొమ్మ అయితదా?

తర్వాత వెతికితే తెలిసింది, ఇది ప్రపంచమంతా ఎప్పటి నుంచో చేస్తున్న పనే. కాళ్లతో గీయుడుకు పెద్ద చరిత్రే ఉంది.

అడుగులు లెక్కబెట్టినోళ్లు

1802 ఏప్రిల్ 10న విలియం లాంబ్టన్ అనే బ్రిటిష్ అధికారి మద్రాసులో సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఉక్కు గొలుసుతో నేలను కొలవడం మొదలుపెట్టాడు. పన్నెండు కిలోమీటర్ల ఒక్క గీత కొలవడానికి 57 రోజులు పట్టింది. దాన్నే గ్రేట్ ట్రిగొనామెట్రికల్ సర్వే అంటారు. ఆ గీత మీద త్రిభుజాలు కట్టుకుంటూ ఉత్తరానికి వచ్చారు, మన నిజాం రాజ్యం మీదుగానే. 1818లో హైదరాబాద్‌లో లాంబ్టన్ దగ్గర సహాయకుడిగా చేరినాయన పేరు జార్జ్ ఎవరెస్ట్. మరుసటి ఏడాది కృష్ణా, గోదావరి నడుమ అడవుల్లో కొలతలు తీస్తూ జ్వరంతో మంచం పట్టాడు. 1865లో ప్రపంచంలోనే ఎత్తయిన శిఖరానికి ఆయన పేరే పెట్టారు. గొలుసు మోసిన కూలీల పేర్లు మాత్రం ఏ పటం మీదా లేవు.

ఇంకో మనిషి నైన్ సింగ్. హిమాలయాల్లోని కుమావూన్ ప్రాంతపు బడిపంతులు. అప్పట్లో టిబెట్‌లోకి తెల్లవాళ్లకు ప్రవేశం లేదు. అందుకని బ్రిటిష్ సర్వేవాళ్లు ఈయనకు శిక్షణ ఇచ్చి యాత్రికుడి వేషంలో పంపారు. ఎత్తయినా, పల్లమైనా అడుగు కొలత మారకూడదు. చేతిలో జపమాల. మామూలుగా 108 పూసలు ఉంటాయి, ఈయన మాలలో 100. వంద అడుగులకు ఒక పూస జరపాలి, అంటే మాల ఒక చుట్టు తిరిగితే పదివేల అడుగులు. లెక్కలు రాసిన కాగితాలను ప్రార్థన చక్రంలో దాచేవాడు. 1866 జనవరిలో లాసా చేరాడు. ఆ ప్రయాణంలో దాదాపు 25 లక్షల అడుగులు లెక్కబెట్టాడని చెబుతారు. 1877లో లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ ఆయనకు బంగారు పతకం ఇచ్చింది.

ఇయ్యాల మన వాచీలు రోజుకు పదివేల అడుగులు అయ్యాయని బుర్రుమంటయి కదా. నైన్ సింగ్ ఆ పని వేళ్లతో చేశాడు, దొరికితే ప్రాణం పోయే చోట. ఆయనకు ప్రతి అడుగూ ముఖ్యమే, ఎందుకంటే ఆ అడుగులన్నీ కలిస్తే ఒక పటం అయితది.

గీత కోసమే నడిచినోళ్లు

వీళ్లంతా కొలవడానికి నడిచారు. బొమ్మ కోసమే నడిచినోళ్లు తర్వాత వచ్చారు. 1967లో రిచర్డ్ లాంగ్ అనే ఇంగ్లండ్ కళావిద్యార్థి ఒక గడ్డి మైదానంలో అటూ ఇటూ తిరిగి నడిచాడు. గడ్డి అణిగి ఒక తిన్నని గీత పడేదాకా నడిచి, దాన్ని ఫొటో తీశాడు. అంతే కళాఖండం. మన దగ్గరైతే ప్రతి పొలం గట్టు మీద అసొంటి గీత ఉంటది, ఎవరూ ఫొటో తీయలేదు.

అసలు మలుపు 2000 మే 1న వచ్చింది. జీపీఎస్ అనేది అమెరికా సైన్యం కట్టుకున్న వ్యవస్థ, మొదటి ఉపగ్రహం 1978లో ఎగిరింది. మామూలు జనం వాడే సిగ్నల్‌లో కావాలనే తప్పు కలిపేవారు. మీరు ఎక్కడున్నారో వంద మీటర్లు అటూ ఇటూగా చూపించేది. ఆ రోజు అధ్యక్షుడు క్లింటన్ ప్రకటించి, అదే అర్ధరాత్రి ఆ తప్పును తీసేయించాడు. ఒక్క రాత్రిలో మనిషి అడుగుజాడ ఆకాశం నుంచి సక్కగా కనపడుడు మొదలైంది. ఆ రోజుల్లోనే బ్రిటన్‌కు చెందిన జెరెమీ వుడ్, హ్యూ ప్రయర్ తమ ప్రయాణాలతో బొమ్మలు గీసి, దానికి జీపీఎస్ డ్రాయింగ్ అని పేరు పెట్టారు.

జపాన్‌లో యాసుషి తకహాషి ఇంకా పెద్ద పనే చేశాడు. 2008లో నెలల తరబడి దేశమంతా తిరిగి, నన్ను పెళ్లి చేసుకో అనే మాటను ఇంగ్లిష్ అక్షరాల్లో పటం మీద రాశాడు. ఏడు వేల కిలోమీటర్లు దాటిన ఆ గీతకు 2010లో గిన్నిస్ గుర్తింపు వచ్చింది. ఆమె కూడా సరేనంది! శాన్ ఫ్రాన్సిస్కోలో లెన్నీ మోన్ అనే రన్నర్ 2017లో దాదాపు 46 కిలోమీటర్లు ఉరికి చిత్రకారిణి ఫ్రీడా కాలో ముఖం గీశాడు. ఆమె రెండు కనుబొమ్మలు కలిసి ఉంటాయి కదా, అవి కూడా వచ్చాయి.

చేప కాస్తా చెప్పు అయ్యింది

ఇవన్నీ చూసి నేనూ దిగిన. మా ఊరి వాడల్లో చేప బొమ్మ గీద్దామనుకున్న. మూడు కిలోమీటర్లు సందులన్నీ తిరిగిన, కుక్కలు నాకంటే స్పీడ్‌గా ఉరికినయి. ఇంటికొచ్చి ఫోన్ చూస్తే అది చేప కాదు, తెగిపోయిన చెప్పు.

తప్పు ఎక్కడో తర్వాత తెలిసింది. ఫోన్ జీపీఎస్‌లో మామూలుగానే కొన్ని మీటర్ల తేడా ఉంటది. ఇండ్ల నడుమ సందుల్లో సిగ్నల్ గోడలకు తగిలి వస్తది కాబట్టి ఇంకా ఎక్కువ. సందు వెడల్పే మూడు మీటర్లు, తేడా అంతకంటే ఎక్కువైతే గీత ఏడ నిలుస్తది? అదే ఖాళీ పొలాల్లో, చెరువు కట్ట మీద ఆకాశం మొత్తం తెరిచి ఉంటది, గీత సక్కగా వస్తది. ఈ విషయంలో సిటీవాళ్ల కంటే మన ఊరోళ్లకే లాభం. యాసంగి వరి కోసినంక మడులు ఖాళీగా ఉంటయి. రైతును అడిగి ఆ గట్ల మీద పెద్దగా గీసిన. ఈసారి చేప చేపలెక్కనే వచ్చింది.

తాత బండ్ల బాట

ఆ చేపను తాతకు చూపించిన. తాత నవ్వి, "గివన్నీ ఎందుకు బిడ్డా, మా అక్కోళ్ల ఊరికి బండ్ల బాట ఉండె, అది గీయరాదు" అన్నడు.

ఆ బాట ఇప్పుడు లేదు. మా మండలంలో చంద్లాపూర్ దగ్గర రంగనాయకసాగర్ ఉంది. మూడు టీఎంసీల రిజర్వాయర్, 2020 ఏప్రిల్ 24న నీళ్లు వదిలారు. నడుమ గుట్ట, చుట్టూ నీళ్లు, సాయంత్రమైతే కట్ట మీద అంతా సెల్ఫీలే. ఆ నీళ్లతో పొలాలు పచ్చగైనయి, అందులో మా పొలం కూడా ఉంది. కానీ ఆ నీళ్ల కింద కూడా పొలాలు ఉండె, బాటలు ఉండె.

కంప్యూటర్‌లో గూగుల్ ఎర్త్ తెరిచి పాత ఉపగ్రహ చిత్రాలు చూసిన. సంవత్సరం వెనక్కి జరుపుతుంటే నీళ్లు మాయమై మడులు తేలినయి. వాటి నడుమ సన్నగా, తెల్లగా ఒక గీత. తాతను పక్కన కూసోబెట్టుకుంటే, "గిదే, గా చింతచెట్టు కాడికెంచి మల్గుతది" అన్నడు.

మరునాడు పొద్దున బయలెల్లిన. ఊరి నుంచి ఆ బాట మిగిలినంత మేర ఉరికితే, కట్ట అడ్డమొచ్చి ఆగిపోయింది. ఆడనే ఆపుదామనుకున్న. కానీ అవతలి ఒడ్డున మళ్లీ మొదలైతదని తెలుసు కదా, మనసొప్పలే. కట్ట పట్టుకొని చుట్టూ తిరిగి పోయిన. జీవితంలో అంత దూరం ఎన్నడూ ఉరకలే. నడుమ రెండుసార్లు నడిచిన, ఒకసారి కూసున్న. అవతల బాట దొరికినంక తాత వాళ్ల అక్క ఊరిదాకా పోయి ఫోన్ ఆపిన. టైమ్ ఎంతో చూసుకోనే లేదు.

ఇంటికొచ్చి చూపిస్తే తాత అద్దాలు పెట్టుకొని చూసి, "గీత వంకర పోయింది గదరా" అన్నడు.

"నీళ్ల చుట్టు తిరిగి పోయిన తాతా."

"నడుమకెంచి పోతే దగ్గర" అని, వేలితో ఫోన్ మీద ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు సీదా గీసిండు. వేలు పెట్టంగనే పటం పక్కకు జరిగిపోయింది. మళ్లీ సర్ది ఇచ్చిన. మళ్లీ గీసిండు, మళ్లీ జరిగింది. తాత ఏమీ అనకుండా ఫోన్ నా చేతికిచ్చిండు.

ఆ నెల నుంచి నేను ఉరుకుడు ఆపలే. ఊరి పెద్దోళ్లు చెప్పే ఒక్కో పాత బాటా వెతికి ఉరుకుతున్న. ఇప్పటికి ఏడు అయినయి.

నిజం చెప్పాలంటే ఈ గీతలతో స్పీడ్ దానంతట అది పెరగదు. దానికి వారంలో రెండు రోజులు ట్రాక్ మీద కష్టపడాల్సిందే, నేనూ పడుతున్న. కానీ మిగతా రోజులు పొద్దున ఐదింటికి నన్ను మంచం మీద నుంచి లేపేది ఈ బాటలే. మళ్లీ నోటిఫికేషన్ పడితే దిగుతా.

మీరు మొదలుపెట్టాలంటే

మొదటి బొమ్మ సులువుది పెట్టుకోండి. ఒక్కో గీత కనీసం వంద మీటర్లు ఉండాలి. ముందే పటం మీద వేలితో గీసి, మలుపులు కాగితం మీద రాసుకోండి. నడుమ యాప్ ఆపి వేరే చోట ఆన్ చేస్తే రెంటి మధ్య సీదా గీత పడుతది, అది మీరు ఉరికింది కాదని గుర్తుంచుకోండి. రాజీవ్ రహదారి అసొంటి పెద్ద రోడ్ల మీద బొమ్మలు వద్దు. పొలంల దిగేముందు రైతును అడగండి.

ఇంకోటి, ముఖ్యంగా చెల్లెళ్లకు. మీ గీత మొదలయ్యే చోటు అంటే మీ ఇంటి అడ్రసే. 2017లో స్ట్రావా యాప్ విడుదల చేసిన పటంలో సైనికుల పరుగుల వల్ల రహస్య స్థావరాలే బయటపడ్డాయి. కాబట్టి సెట్టింగ్స్‌లో మొదలు, చివర దాచిపెట్టే ఆప్షన్ ఆన్ చేసుకోండి. కొన్ని గీతలు ఇంట్లోవాళ్లకు చూపిస్తే చాలు.

ఇయ్యాల సాయంత్రం ఇంట్ల పెద్దోళ్లను ఒకటే మాట అడగండి: ఇప్పుడు లేని బాట ఏది, అది ఎటు పోయేది? జవాబు చెప్పేటోళ్లు ఉన్నప్పుడే అడగాలి. పొద్దున ఆ దిక్కు ఉరకండి.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా.