గాలిలో దీపం

గాలిలో దీపం పెట్టి ‘దేవుడా, నీదే భారం’ అనేవాళ్లని చూసి నవ్వుకుంటాం. కానీ నిజంగానే గాలిలో దీపం పెట్టి, భారం లెక్కల మీద వేసినవాళ్లున్నారు.

నిప్పుకి కట్టె ఒక్కటే చాలదు, గాలీ కావాలి. రెండూ సరిగ్గా కలవాలి. కలవని చోటే పొగ. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పల్లెల్లో ఏ అత్తనడిగినా కోడలికి ఈ మాటే చెబుతుంది: “కట్టెలు కుక్కితే ఎట్ల మండుతది పిల్లా? సందియ్యి, గాలాడనీ.”

కలవడమంటే మాటలా? అలంపురం దగ్గర కృష్ణా తుంగభద్రల సంగమాన్నే తలుచుకోండి. ఏ రెండు నదులైనా కలిసీ కలవగానే ఒకటైపోవు. కొంతదూరం పక్కపక్కనే నడిచి, సుడులు తిరిగి, అప్పుడు ఏకమవుతాయి. కాపురాల్లాగే!

ఆ సుడుల సంగతి 1883లో మాంచెస్టరులో ఆస్బర్న్ రేనాల్డ్స్ గాజు గొట్టంలో చూపించాడు. నీరు మెల్లగా పోతే అందులో వదిలిన రంగు దారప్పోగులా సాగింది. వేగం పెంచగానే చెదిరి, సుడులై, నీళ్లంతా పరుచుకుంది. ప్రవాహాల సమీకరణాలు నేవియర్, స్టోక్స్ అంతకుముందే రాశారు. సుడులున్న చోట వాటిని చేత్తో తేల్చడం మాత్రం ఎవరి తరమూ కాలేదు. కంప్యూటర్లు వచ్చాక, 1970లలో లండన్ ఇంపీరియల్ కాలేజీలో స్పాల్డింగ్, లాండర్ ఒక దారి చూపారు. మంట గదిని చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలో సుడుల సగటు బలమెంతో లెక్కగట్టడం.

మరి మనకో? 1980లలో మనం అడిగిన పెద్ద కంప్యూటరు అమెరికా ఇవ్వలేదు. చిన్నది, అదీ వాతావరణం లెక్కలకే అని షరతు పెట్టి ఇచ్చింది. పొరుగింటి అప్పు పుట్టకపోతే ఇల్లాలు ఊరుకుంటుందా? 1988లో హైదరాబాదులో రక్షణ పరిశోధన సంస్థ వారు ‘అనురాగ్’ స్థాపించారు. నవలకి పెట్టుకోదగిన పేరు కదూ! గాలి ప్రవాహాల లెక్కల కోసం ‘పేస్’ అనే యంత్రాన్ని అక్కడే తయారుచేశారు.

ఇక దీపం పేరు స్క్రామ్‌జెట్. సెకనుకి 1.5 కిలోమీటర్లకి పైగా దూసుకుపోయే గాలిలో ఇంధనం కలిసి, అంటుకుని, ఆరకుండా మండాలి. దొరికే వ్యవధి సెకనులో వెయ్యో వంతు పాటి. హైదరాబాదు డి.ఆర్.డి.ఎల్. శాస్త్రజ్ఞులు మంట ఎలా నిలుస్తుందో కంప్యూటరులోనూ, నేలమీది పరీక్షల్లోనూ చూసుకున్నారు. 2020 సెప్టెంబరు 7న ఒడిశా తీరాన అది ఎగురుతూ 20 సెకన్లకి పైగా మండింది. 2025 ఏప్రిల్ 25న హైదరాబాదులో, నేలమీద, 1000 సెకన్లు దాటింది.

ఇంత తెలివీ క్షిపణి కోసమేనా అంటారేమో. ఈ దీపం మటుకు అందుకే. కానీ కలయిక సూత్రం ఎక్కడైనా ఒకటే. కట్టెల పొయ్యి పొగలో కళ్లు మండించుకునే ఆడవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ గళ్ల లెక్కలో ఒక గడి వాళ్లకీ దక్కాలని అడగడం అత్యాశ కాదు.