ఉప్పు మోసిన బిడారులు

కర్నూలు జిల్లా పశ్చిమపు అంచున, ఆదోనికి వాయవ్యంగా కౌతాళం ఉన్నది. పటం మీద గీత గీచి కొలిస్తే ఒక విశేషం కనబడుతుంది. తూర్పున చీరాల తీరానికి గాని, పడమట గోవా తీరానికి గాని ఇక్కడినుండి దూరం ఇంచుమించు ఒక్కటే, సుమారు 350 కిలోమీటర్లు. రైళ్లు, లారీలు లేని రోజులలో ఇట్టి మెరక సీమలకు సముద్రపు ఉప్పు ఎట్లా చేరేది?

ఈ ప్రాంతంలో ఉప్పరులు చవుడు మట్టినుండి ఉప్పు తీసేవారు. కాని మట్టిలోని ఇతర లవణాలు కలియడంవల్ల అది సముద్రపు ఉప్పంత శుద్ధంగా ఉండేది కాదు. తీరపు ఉప్పును దక్కను పీఠభూమికి చేర్చినవారిలో ముఖ్యులు లంబాడీలు. రాయలసీమలో వీరిని సుగాలీలని కూడ అంటారు. ధాన్యం, పత్తి మొదలైనవి ఎద్దులమీద తీరానికి చేర్చి, తిరుగు ప్రయాణంలో ఉప్పు తెచ్చేవారు.

ఈ ఎద్దుల బిడారునే ‘తాండా’ అనేవారు. 1632లో ఉత్తర హిందూదేశంలో ప్రయాణిస్తున్న పీటర్ మండీ అనే ఆంగ్లేయునికి 14,000 ఎద్దుల తాండా ఎదురైంది. పది, పన్నెండు వేల ఎద్దుల బిడారులను గురించి ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే కూడ వ్రాశాడు. ఒక్కొక్క ఎద్దు నూరు కిలోలు మోసిందనుకొన్నా, పదివేల ఎద్దులు వెయ్యి టన్నుల సరకు మోసినట్లు!

ఇంత బరువును బాటలు సరిగాలేని నేలమీద చౌకగా తరలించడంలో రహస్యమేమిటి? గడ్డి. ఎద్దులు నడుస్తూ, ఆగుతూ బీళ్లలో మేసేవి. మేతకు వేరే ఖర్చు లేదు. రైలుకు బొగ్గు ఎట్లాగో తాండాకు పచ్చిక అట్లాగు. అందుకే నడక నెమ్మది. రోజుకు ఆరేడు మైళ్లు, అనగా పది పదకొండు కిలోమీటర్లు మించదు. ఈ లెక్కన తీరంనుండి కౌతాళం వంటి ఊరికి నెల దాటి పట్టేది. వానలలో రేగడి నేల బురదై గిట్టలు దిగబడతాయి. ఎండలలో గడ్డి, నీరు కరవు. కనుక వానలు వెనుకపట్టిన తరువాతి నెలలే ప్రయాణానికి అనువైనవి.

భార్యాబిడ్డలతో సహా కుటుంబాలన్నీ వెంట నడిచేవి. నాయకుని మాట అందరికీ శిరోధార్యం. బాలాజీకి అర్పించిన ఒక ఎద్దును బరువు వేయక, అలంకరించి పూజించేవారు. అది ఎక్కడ ఆగితే అక్కడే మజిలీ. లంబాడీలు గురువుగా కొలిచే సేవాలాల్ 1739లో గుత్తికి సమీపాన పుట్టాడని వారి సంప్రదాయం చెబుతుంది.

ఈ జీవనానికి దెబ్బలు ఒకటి వెనుక ఒకటి తగిలాయి. 1805లో మద్రాసు రాష్ట్రంలో ఉప్పు కంపెనీవారి గుత్తాధిపత్యంలోకి పోయింది. 1871లో ఆదోని మీదుగా పోయే మద్రాసు రైలుమార్గం రాయచూరులో బొంబాయి మార్గాన్ని కలిసింది. తాండా నెలకు పైగా నడిచే దూరం రైలుకు గంటల పని అయింది. అదే 1871లో ఉత్తర హిందూదేశంలో ‘నేరస్థ జాతుల చట్టం’ వచ్చింది. 1911 నాటి చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికి కూడ వ్యాపించి, కొన్నిచోట్ల లంబాడీలు సైతం ఆ జాబితాకెక్కారు. వృత్తి పోయినవారి సంచారమే నేరంగా మారింది! స్వతంత్ర భారతంలో 1952లో ఆ చట్టం దేశమంతటా రద్దయింది.

చీరాలకు దక్షిణాన చినగంజాంలో నేటికీ ఉప్పు మళ్లున్నవి. ఉప్పు మాత్రం లారీలలో పోతున్నది. నడిచే బిడారుకు పేరైన ‘తాండా’ నేడు లంబాడీలు స్థిరపడిన పల్లెకు పేరు. రాయలసీమ పటంలో ఆ పేరుగల ఊళ్లను గుర్తించే విద్యార్థులు, అవి ఒకనాడు నడిచిన ఊళ్లని తెలుసుకోవలెను.