మినహాయింపుల్లో పెరిగిన బండి

2000 మే నెలలో అట్లాంటాలో ఫోర్డ్ కంపెనీ వాటాదార్ల సమావేశం జరిగింది. ఆ సందర్భంగా కంపెనీ ఒక నివేదిక విడుదల చేసింది. తాము అమ్ముతున్న పెద్ద ఎస్‌యూవీలు కార్లకంటే ఎక్కువ ఇంధనం తాగుతున్నాయని, ఎక్కువ పొగ వదులుతున్నాయని, ఢీకొంటే అవతలి వాళ్లకు ఎక్కువ ప్రమాదమని అందులో కంపెనీయే ఒప్పుకుంది. అప్పటి చైర్మన్, హెన్రీ ఫోర్డ్ మునిమనవడు విలియం క్లే ఫోర్డ్ జూనియర్ ఆ మాట దాచలేదు. అయినా అమ్మకం ఆపబోమనీ చెప్పాడు. కొనేవాళ్లు అడుగుతున్నారు, లాభం వస్తోంది, మేం మానేస్తే ఇంకొకరు తయారు చేస్తారు అన్నది ఆయన వాదన.

పర్యావరణానికి చేటని తెలిసీ కంపెనీలు ఈ బండ్లు అమ్మవచ్చా అన్న ప్రశ్న ఇప్పటికీ ఆ మూడు మాటల చుట్టూనే తిరుగుతోంది. అమెరికాలో పికప్ ట్రక్కు ఎలా పుట్టి ఎలా పెరిగిందో వరసగా చూస్తే ఆ మూడింటిలో ఎంత నిజముందో తెలుస్తుంది. నాకు అర్థమైనంతవరకు జనం కోరిక ఒక్కటే ఈ బండిని పెంచలేదు. ప్రతి దశలోనూ చట్టం ఒక మినహాయింపు ఇచ్చింది, కంపెనీలు ఆ సందులోంచి బండిని ముందుకు నడిపించాయి.

మొదట్లో అది రైతు బండే. 1917లో ఫోర్డ్ ఒక టన్ను మోసే మోడల్ టీటీని తెచ్చింది. 1925లో మోడల్ టీ కారుకే వెనక ఇనుప తొట్టి బిగించి 281 డాలర్లకు అమ్మింది. పాలడబ్బాలు, దాణా బస్తాలు, కంచె కర్రలు మోయడానికి పుట్టిన బండి అది. 1948లో వచ్చిన ఎఫ్-సిరీస్ కూడా అంతే: ముందు ముగ్గురు ఇరుక్కుని కూర్చునే ఒకే సీటు, వెనక పొడవాటి తొట్టి. ఎనిమిదడుగుల తొట్టిలో నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవు ఉండే ప్లైవుడ్ షీటును చదునుగా పరిచి, వెనక తలుపు మూసుకుని పోవచ్చు. వడ్రంగికి, మేస్త్రీకి ఆ కొలత ముఖ్యం. ఇప్పుడు ఎక్కువగా కనిపించే నాలుగు తలుపుల ట్రక్కుల్లో తొట్టి ఐదున్నర అడుగులే ఉంటోంది. అదే షీటు వేస్తే తలుపు మూతపడదు, తెరిచి తాడు కట్టుకోవాలి. తొట్టి తగ్గి మనుషులు కూర్చునే గది పెరిగిందంటే బండి చేసే పని మారిందన్నమాట.

మొదటి మినహాయింపు కోళ్ల పేరుతో వచ్చింది. 1960ల మొదట్లో అమెరికా నుంచి చవకగా దిగుతున్న కోడిమాంసం మీద ఐరోపా దేశాలు సుంకం పెంచాయి. దానికి బదులుగా 1963 డిసెంబరులో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ నాలుగు సరుకులపై సుంకం విధించాడు: బంగాళాదుంప పిండి, డెక్స్‌ట్రిన్, బ్రాందీ, తేలికపాటి ట్రక్కులు. ట్రక్కుల మీద 25 శాతం. గురి జర్మనీ ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్ల మీద. మిగతా మూడింటి సంగతి కాలక్రమంలో సర్దుకుంది కానీ ట్రక్కు సుంకం మాత్రం ఆరు దశాబ్దాలు దాటినా అలాగే ఉంది. విదేశీ కార్ల మీద చాలాకాలం 2.5 శాతమే ఉండేది. అందువల్ల చిన్న కార్లలో జపాన్‌తో పోటీపడి నలిగిపోయిన డెట్రాయిట్ కంపెనీలకు ట్రక్కుల మార్కెట్టు గోడ కట్టిన పెరడులా దొరికింది. లాభం ఎక్కడ భద్రంగా ఉంటే పెట్టుబడి, ప్రకటనలు, ఇంజనీర్ల తెలివి అక్కడికే పోతాయి.

రెండో మినహాయింపు అన్నిటికంటే పెద్దది. 1973 అక్టోబరులో అరబ్ దేశాలు చమురు ఆపేశాయి. పీపా ధర కొద్ది నెలల్లో దాదాపు నాలుగింతలైంది. అమెరికన్లు పెట్రోలు బంకుల ముందు బారులు తీరారు. 1975 డిసెంబరులో అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ ఒక ఇంధన చట్టంపై సంతకం చేశాడు. ఒక కంపెనీ అమ్మే కార్లన్నిటి సగటు మైలేజీ 1978కి గ్యాలనుకు 18 మైళ్లు, 1985కి 27.5 మైళ్లు ఉండాలన్నది దాని సారం. మన లెక్కలో లీటరుకు సుమారు ఏడున్నర నుంచి పదకొండున్నర కిలోమీటర్లకు పెంచడం. మంచి చట్టం, పని కూడా చేసింది. అమెరికాలో అమ్ముడైన కొత్త బండ్ల సగటు 1975లో 13.1 మైళ్లుంటే 1987కి 22కు చేరింది.

అయితే ట్రక్కులను వేరే వరసలో పెట్టి, వాటికి తక్కువ లక్ష్యం ఇచ్చారు. రైతులకు, చిన్న కాంట్రాక్టర్లకు భారం పడకూడదన్నది ఉద్దేశం. అప్పటికి రోడ్డు మీద ట్రక్కులు తక్కువ కాబట్టి ఆ వెసులుబాటు చిన్నదిగానే కనిపించింది. తర్వాత నిబంధనలు రాసినప్పుడు, ఫోర్ వీల్ డ్రైవ్ ఉండి నేలకు ఎత్తుగా ఉండే బండి కూడా ట్రక్కు వరసలోకే చేరింది. జీప్ తయారుచేసే అమెరికన్ మోటార్స్ దానికోసం గట్టిగా పట్టుబట్టింది. 1978లో ఇంధనం ఎక్కువ తాగే కార్లపై ప్రత్యేక పన్ను వేసినప్పుడూ ఈ వరసను వదిలేశారు. ఆ పన్ను ఇప్పటికీ కార్లకే పరిమితం.

చట్టం ఎక్కడ గీత గీస్తే బండి ఆ గీత దాటి పుడుతుందనడానికి ఎఫ్-150 పుట్టుకే సాక్ష్యం. సరుకుతో కలిపి 6,000 పౌండ్ల లోపు ఉండే బండ్లకు 1975 నుంచి కొత్త పొగ నిబంధనలు వర్తించాయి. సీసం లేని పెట్రోలు, పొగను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టర్ తప్పనిసరి. అదే ఏడాది ఫోర్డ్ ఆ బరువుకు కాస్త పైన ఉండేలా కొత్త మోడల్ తెచ్చింది, దాని పేరే ఎఫ్-150. దేశంలో ఏళ్లతరబడి అత్యధికంగా అమ్ముడైన ట్రక్కుల కుటుంబానికి మూలస్తంభంగా నిలిచిన బండి ఇలా ఒక నిబంధనను తప్పించుకునే బరువుతో మొదలైంది.

1984 జీప్ చెరోకీ, 1990లో వచ్చిన ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ ఆ దారిని రహదారి చేశాయి. ఎక్స్‌ప్లోరర్‌లా పికప్ చట్రం మీద నాలుగు తలుపుల గది, తోలు సీట్లు, ఏసీ పెడితే కుటుంబం ఎక్కే బండి అవుతుంది, చట్టం దృష్టిలో ట్రక్కుగానే మిగులుతుంది. చట్రం, ఇంజను పాతవే కాబట్టి ఖర్చు తక్కువ, ధర మాత్రం విలాసవంతమైన కారుది. 1990ల చివర మిషిగన్ రాష్ట్రంలోని వేన్‌లో ఎక్స్‌పెడిషన్, నావిగేటర్ అనే భారీ ఎస్‌యూవీలు తయారైన కర్మాగారం ఫోర్డ్‌కు బంగారు గని. 1990ల మధ్య నుంచి కొన్నేళ్లపాటు ట్రక్కుల మైలేజీ లక్ష్యం పెంచడానికి వీల్లేకుండా అమెరికా కాంగ్రెస్ ఏటా బడ్జెట్ బిల్లులో ఒక షరతు జొప్పించేది. ఆ షరతు కోసం కంపెనీలే పైరవీ చేశాయి. ఫలితంగా 1996 నుంచి 2004 వరకు ట్రక్కుల లక్ష్యం 20.7 మైళ్ల దగ్గరే నిలిచిపోయింది. 1987లో 22కు ఎక్కిన కొత్త బండ్ల సగటు 2004కి 19.3కు పడిపోయింది. ఇంజన్లు మెరుగవుతున్న కాలంలో దేశం మైలేజీలో వెనక్కి నడిచింది.

గీతలకు అటూ ఇటూ జరగడం ఎంతదాకా పోయిందంటే, వెనక సీట్లు తీసేస్తే నేల చదునుగా ఉంటుంది కాబట్టి క్రైస్లర్ పీటీ క్రూయిజర్ అనే చిన్న బండి ట్రక్కుగా నమోదైంది. 2004లో సుబారు తన అవుట్‌బ్యాక్ కారును నేల నుంచి కాస్త పైకి లేపి ట్రక్కుల వరసలో చేర్చింది. 8,500 పౌండ్లు దాటిన బండ్లకయితే అప్పట్లో మైలేజీ లక్ష్యమే ఉండేది కాదు, అద్దానికి మైలేజీ స్టిక్కరు అంటించే పని కూడా ఉండేది కాదు. 1999లో ఫోర్డ్ తెచ్చిన ఎక్స్‌కర్షన్, తర్వాతి హమ్మర్ హెచ్2 ఆ కోవలోవి. ఎక్స్‌కర్షన్‌కు పర్యావరణ సంస్థ సియెర్రా క్లబ్ పోటీ పెట్టి మరీ ‘ఫోర్డ్ వాల్డెజ్’ అని పేరు పెట్టింది, 1989లో అలాస్కా తీరంలో ముడిచమురు ఒలకబోసిన ఓడ గుర్తుగా. 2003 పన్ను చట్టం దీనికి ఇంకో మెట్టు వేసింది. 6,000 పౌండ్లు దాటిన బండిని వ్యాపారం కోసం కొన్నానంటే మొదటి ఏడాదే లక్ష డాలర్ల దాకా ఆదాయంలోంచి తీసేసుకునే వీలుండేది. తేలికైన కారు కొన్నవాడికి ఆ అవకాశం ఉండేది కాదు. ఎస్‌యూవీలకు ఆ పరిమితిని 2004లో పాతిక వేలకు కుదించారు.

ఇప్పుడు ఫోర్డ్ చైర్మన్ మాటలకు వద్దాం. 2000 జులైలో ఆ కంపెనీ తన ఎస్‌యూవీల మైలేజీని ఐదేళ్లలో 25 శాతం పెంచుతానని బహిరంగంగా మాటిచ్చింది. 2003లో ఆ గడువు అందుకోలేమని చేతులెత్తేసింది. ‘మేం మానేస్తే ఇంకొకరు చేస్తారు, మేమైతే బాధ్యతగా చేస్తాం’ అన్న వాదన అక్కడే వీగిపోయిందని నా అభిప్రాయం. స్వచ్ఛంద హామీకి చట్టానికున్న బలం ఉండదు.

ఐదేళ్లకు బజారే తీర్పు చెప్పింది. 2008లో పెట్రోలు గ్యాలను నాలుగు డాలర్లు దాటింది. ఆ మే నెలలో ఎఫ్-సిరీస్‌ను హోండా సివిక్ అమ్మకాల్లో దాటేసింది. 2009 జూన్‌లో జనరల్ మోటార్స్ దివాలా పిటిషన్ వేసింది. మరుసటేడు దాని హమ్మర్ బ్రాండు మూతపడింది. జనం కోరిక ఎప్పటికీ మారనిదే అయితే ధర మారగానే అంత వేగంగా కరిగిపోదు.

ట్రక్కుల లక్ష్యం పెంచడమే ఎందుకు ముఖ్యమో ఒక చిన్న లెక్క చెబుతుంది. ఏడాదికి పదివేల కిలోమీటర్లు తిరిగే రెండు బండ్లనుకోండి. లీటరుకు 15 ఇచ్చే కారును 20 ఇచ్చేలా చేస్తే ఆ దూరానికి 167 లీటర్లు మిగులుతాయి. లీటరుకు 5 ఇచ్చే ట్రక్కును 7 ఇచ్చేలా చేస్తే 571 లీటర్లు మిగులుతాయి. పెరిగింది రెండు కిలోమీటర్లే, ఆదా మూడింతలకు పైన. లీటరు పెట్రోలు కాలిస్తే రెండు కిలోల మూడువందల గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి, ఒక్క ట్రక్కు మీదే ఏడాదికి 1.3 టన్నులు తగ్గుతుంది. అన్నిటికంటే ఎక్కువ సడలింపు పొందిన బండే అన్నిటికంటే ఎక్కువ ఆదా ఇవ్వగలిగింది. నాకు ఇందులో అత్యంత బాధ కలిగించేది ఇదే.

2007 తర్వాత చట్టం బిగిసింది నిజమే. ఫోర్డ్ 2015 ఎఫ్-150 బాడీని అల్యూమినియంతో చేసి 700 పౌండ్ల దాకా బరువు తగ్గించింది. టర్బో ఇంజన్లు వచ్చాయి, సగటు మైలేజీ మళ్లీ ఎక్కింది. చేయలేమన్నది, చట్టం అడిగేసరికి చేసి చూపించారు. కానీ కొత్త నిబంధనల్లోనూ ఒక సందు మిగిలింది. లక్ష్యాన్ని బండి చక్రాల మధ్య విస్తీర్ణానికి ముడిపెట్టారు. బండి ఎంత పెద్దదైతే లక్ష్యం అంత తేలిక. 2018 ఏప్రిల్‌లో ఫోర్డ్, ముస్టాంగ్ లాంటివి తప్ప ఉత్తర అమెరికాలో సెడాన్ కార్లను ఆపేస్తున్నట్టు ప్రకటించింది. చిన్నది దొరకనప్పుడు పెద్దది కొనడాన్ని కోరిక అనడం సరికాదు.

ఈ పెరుగుదల భారం బండి ఎక్కని వాళ్ల మీద కూడా పడింది. అమెరికాలో 2010లో సుమారు 4,300 మంది పాదచారులు వాహనాల కింద పడి చనిపోతే 2022లో ఆ సంఖ్య 7,500 దాటింది. కారణాలు అనేకం. కానీ బానెట్ 40 అంగుళాలకు మించి ఎత్తున్న బండి ఢీకొంటే, తక్కువ ఎత్తులో ఏటవాలుగా ఉండే కారుతో పోల్చినప్పుడు మరణం సంభవించే అవకాశం 45 శాతం ఎక్కువని అక్కడి బీమా సంస్థల రోడ్డు భద్రతా విభాగం 2023లో తేల్చింది. ఆ ఎత్తున బానెట్ పెద్దవాళ్లకు నడుము పైకి వస్తుంది, చిన్నపిల్లలకు తల దగ్గరికి వస్తుంది.

బ్యాటరీ పెడితే అంతా తీరిపోతుందని కొందరంటారు. 2022లో విద్యుత్ ట్రక్కు ఎఫ్-150 లైట్నింగ్ వచ్చినప్పుడు నాకూ ఆశ కలిగింది. అయితే విద్యుత్ బండిగా మళ్లీ వచ్చిన హమ్మర్ బరువు నాలుగు టన్నులు దాటింది. దాని బ్యాటరీ ఒక్కటే ఒక చిన్న కారంత బరువు. 2025 జులైలో ఆమోదించిన చట్టంతో మైలేజీ లక్ష్యం అందుకోని కంపెనీలపై జరిమానాను సున్నా చేశారు. యాభై ఏళ్ల నాటి చట్టం కాగితం మీద ఉంది, కోరలు పీకేశారు.

అయినా దారి లేకపోలేదు. 2021లో ఫోర్డే మావెరిక్ అనే చిన్న ట్రక్కు తెచ్చింది. మామూలు మోడల్‌కే హైబ్రిడ్ ఇంజను, అప్పటి ప్రారంభ ధర 20 వేల డాలర్ల లోపు, మైలేజీ గ్యాలనుకు 37 మైళ్లు, అంటే లీటరుకు దాదాపు 16 కిలోమీటర్లు. ఆర్డర్లు ఎంతలా పోటెత్తాయంటే 2022 జనవరిలో కంపెనీ కొత్తవి తీసుకోవడం ఆపేయాల్సి వచ్చింది.

అందుకే నా తీర్పు ఇది. పొలానికి, కట్టుబడి పనికి ట్రక్కు కావాలి, కంపెనీలు అమ్మాలి. కానీ పిల్లల్ని బడికి దింపడానికి, ఆఫీసుకు పోయిరావడానికి అమ్మే బండిని కారు చట్టం కిందకే తేవాలి. సడలింపుల కోసం పైరవీ చేసి, ఆపైన ‘జనం అడుగుతున్నారు’ అనే హక్కు ఏ కంపెనీకీ లేదు.

ఇది మనకు దూరపు గొడవ కాదు. 2006 బడ్జెట్‌లో నాలుగు మీటర్ల లోపు చిన్న కార్లకు ఎక్సైజు తగ్గిస్తే, 2012లో డిజైర్ కారు డిక్కీ కుదించుకుని ఆ కొలతలో ఇమిడింది. పెనుకొండ దగ్గర కియా కర్మాగారంలో తయారయ్యే సోనెట్ కూడా ఆ గీత లోపలే ఉంటుంది. గీత సరిగా గీస్తే బండి చిన్నదవుతుందని మన దేశమే చూపించింది. కానీ కంపెనీల సగటు కార్బన్ పరిమితిని మాత్రం మనం బరువుకు ముడిపెట్టాం. బరువైన బండ్లు అమ్మేవాళ్లకు సడలింపు ఎక్కువ. 2027 ఏప్రిల్ నుంచి ప్రతిపాదించిన కొత్త పరిమితుల మీద చర్చ నడుస్తోంది. ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతి చేసుకునే దేశం మనది. బరువుకిచ్చే ఆ సడలింపును వీలైనంత తగ్గించమని మన ఎంపీలను ఇప్పుడే అడగండి.