పెరటికోడి చరిత్ర – కొక్కెర తెగులు, వంద కోళ్ల సీసా

గద్వాల కోట గురించి, వనపర్తి సంస్థానం గురించి, కొల్లాపూర్ ఏలిన జటప్రోలు రాజుల గురించి మన బడుల్లో పిల్లలకు చెబుతాం. 2016 అక్టోబర్ 11న పాత మహబూబ్‌నగర్ నుంచి జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాలు విడిపోయిన సంగతీ చెబుతాం. ఇదే నేల మీద నల్లమల చెంచు పెంటల్లో, లంబాడి తండాల్లో, ఎరుకల వాడల్లో తరతరాలుగా కోళ్లు సాకిన ఆడవాళ్లకు ఏం తెలుసో, ఆ తెలివి ఒకరి నుంచి ఒకరికి ఎట్లా చేరిందో మాత్రం ఏ పాఠంలోనూ లేదు. అదీ మన చరిత్రే. దాన్ని మనమే రాసుకోవాలి.

కోడి మొదట అడవి పక్షి. ఆగ్నేయాసియాలోని ఎర్ర అడవికోడి నుంచి ఇంటికోడి పుట్టిందని శాస్త్రజ్ఞులు అంటారు. థాయ్‌లాండ్‌లోని బాన్ నాన్ వాట్ అనే చోట దొరికిన కోడి ఎముకలు సుమారు 3,500 ఏండ్ల నాటివని 2022లో లెక్క తేల్చారు. మనిషి పండించిన వరి, చిరుధాన్యాల గింజలకు ఆశపడి అడవికోడి ఇండ్ల దగ్గరికి వచ్చిందని వారి అభిప్రాయం. ఇందులో మన దక్షిణాదికీ పాలు ఉంది. కోడి కాళ్లకు, చర్మానికి ఉండే పసుపు రంగు బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చిందని 2008లో స్వీడన్‌లోని ఉప్సల విశ్వవిద్యాలయం వాళ్లు చూపించారు. అది మన దక్షిణాది అడవుల కోడి. నల్లమలలో తెల్లవారుజామున కూసే కోడి కూడా అదే.

అడవి నుంచి ఇంటికి వచ్చిన ఆ కోడి మన దగ్గర ఇల్లిల్లు ఎట్లా తిరిగింది? పాలుకు ఇచ్చుడు వల్ల. కోళ్లు లేని ఇంటికి కోళ్లున్న ఇల్లాలు ఒక పెట్టను ఇస్తుంది. పిల్లలు పెద్దవైనాక ఇద్దరూ పంచుకుంటారు. పెట్ట వెంట మాట కూడా పోతుంది. పొదుగుకు కూర్చున్న పెట్టను కదిలించొద్దు, ఇరవై ఒక్క రోజులు ఆగు. గుడ్డును దీపం ముందు పట్టి చూడు, నరాలు కనబడకపోతే తీసెయ్యి. చెదలు పట్టిన మట్టి తెచ్చి పిల్లల ముందు కొట్టు, బలం వస్తుంది. పేలు పడితే బూడిదలో పొర్లనియ్యి. పొద్దుగూకేసరికి గంప కమ్ము, ముంగిస వస్తుంది. ఇవన్నీ వందల ఏండ్ల చూపుతో తేలిన మాటలు. వీటిని ఎవరూ కాగితం మీద పెట్టలేదు గానీ, నేటి పశువైద్యులు కూడా వీటిలో చాలావాటిని కాదనరు.

అయితే ఈ తెలివికి లొంగని జబ్బు ఒకటి ఉంది. అదే కొక్కెర తెగులు. కోడి మూలకు ముడుచుకుంటుంది, రెక్కలు వాలేస్తుంది, నోరు తెరిచి గురక తీస్తుంది, ఆకుపచ్చగా పారుతుంది, మెడ తిప్పుకొని పడిపోతుంది. వారం తిరగకముందే వాడంతా ఖాళీ అవుతుంది. ఈ తెగులును 1926లో జావా దీవిలో, ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్‌లో మొదట గుర్తించి రాశారు. ఆ తర్వాత ఒకటి రెండేండ్లకే హిమాలయాల్లోని రాణిఖేత్‌లో కనబడింది. అందుకే మన దేశంలో దానికి రాణిఖేత్ అని పేరు. ఇది వైరస్ వల్ల వచ్చే జబ్బు. పసుపు, వెల్లుల్లి, వేపాకు మనం వాడతాం. చిన్న చిన్న నలతలకు వాడుకోవచ్చు. కొక్కెర పట్టిన కోడిని మాత్రం అవి బతికించవు. ఏ ఇంగ్లీషు మందూ బతికించదు. రాకముందు టీకా వేయించడం ఒక్కటే దారి.

ఆ టీకా కొత్తదేమీ కాదు. రాణిఖేత్‌కు దగ్గర్లోని ముక్తేశ్వర్ పశు పరిశోధన సంస్థలో 1940లలోనే తయారైంది. ఎనభై ఏండ్లవుతున్నా మన పెరట్లోకి సరిగా రాలేదు. ఎందుకు? టీకా సీసా వంద, రెండు వందల కోళ్ల లెక్కన వస్తుంది. మన ఇంట్లో ఉండేవి ఐదో పదో. పైగా టీకాను మంచులో ఉంచాలి, కలిపిన తర్వాత రెండు గంటల్లో వాడేయాలి. అచ్చంపేట నుంచి అడవిలోపలి అప్పాపూర్ పెంటకు చేరేసరికి మంచు కరిగిపోతుంది. ఆ సీసాను కోళ్ల ఫారాల కోసం చేశారు, మన ఇల్లాలిని మనసులో పెట్టుకొని చేయలేదు.

మనలాంటి పేద పల్లెలు ఈ చిక్కును వేరే దేశాల్లో విప్పుకున్నాయి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో పీటర్ స్ప్రాడ్‌బ్రో వేడిని తట్టుకునే టీకాను పల్లెల కోసమే తయారు చేశాడు. ఆఫ్రికాలో మొజాంబిక్, టాంజానియా పల్లెల్లో ఊరివాళ్లే నేర్చుకొని కంట్లో చుక్క వేస్తూ కోళ్లను కాపాడుకున్నారు. మన తెలుగు నేల మీద కూడా దారి ఉంది. పాత తూర్పు గోదావరి జిల్లా అడ్డతీగల ప్రాంతంలో ఆదివాసీ స్త్రీలకూ మన పాలు లాంటి పద్ధతే ఉంది. 1990లలో అంత్ర అనే సంస్థ వాళ్లతో కలిసి పనిచేసింది. ఒకవైపు టీకాలు వేయించుకుంటూ, మరోవైపు ఆ పద్ధతిలో అసీల్ కోళ్లను తిరిగి పెంచుకున్నారు. పాత ఆచారం, కొత్త టీకా ఒకదానికొకటి అడ్డం రాలేదు.

ప్రభుత్వం ఇచ్చే కొత్త జాతుల గురించీ ఒక మాట. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తెచ్చిన వనరాజా, గ్రామప్రియ, పశువైద్య విశ్వవిద్యాలయం తెచ్చిన రాజశ్రీ నాటుకోడి కన్నా ఎక్కువ గుడ్లు పెడతాయి. పొదగడంలో మాత్రం నాటుపెట్టకు సాటిరావు. కొత్త కోళ్లు వచ్చాయని నాటుపెట్టలను అమ్ముకుంటే మరుసటి తరం పిల్లల కోసం మళ్లీ ఎవరినో అడగాల్సి వస్తుంది.

ఇప్పుడు బర్డ్ ఫ్లూ భయం కూడా తోడైంది. మన దేశంలో అది 2006లో మహారాష్ట్రలోని నవాపూర్‌లో మొదట బయటపడింది. అదీ ఆదివాసీ ప్రాంతమే. ఫారాల కోళ్లతో పాటు పెరటికోళ్లనూ చంపారు. 2025 ఫిబ్రవరిలో వనపర్తి జిల్లా మదనాపురం మండలం కొన్నూరులో మూడు రోజుల్లో రెండు వేలకు పైగా ఫారం కోళ్లు చనిపోయాయని పత్రికలు రాశాయి. ఏ జబ్బు అయినా మనం చేసే పెద్ద పొరపాటు ఒకటే: కోడి నలతగా ఉందనగానే సంతకు తీసుకుపోయి అమ్మడం. అట్లా ఒక పెంట జబ్బు పది ఊళ్లకు చేరుతుంది. నలతగా ఉన్న కోడిని వేరుగా ఉంచాలి. చచ్చినదాన్ని వాగులో వేయకుండా, కుక్కలకు వేయకుండా సున్నం చల్లి లోతుగా పాతాలి. ఒక్కసారిగా చాలా కోళ్లు చస్తే ముట్టుకోకుండా పశువైద్యశాలకు కబురు చేయాలి.

యువకులూ, తోటి ఉపాధ్యాయులూ ఈ పని చేయగలరు. ముందు ఇంటింటికీ పోయి కోళ్లు లెక్కపెట్టండి. ఇరవై ఇండ్లు కలిస్తే వంద కోళ్లు అవుతాయి, సీసా వృథా కాదు. ఎండలు ముదరకముందే ఒక రోజు అనుకొని పశువైద్యశాల వాళ్లను పిలవండి. పొద్దున్నే కోళ్లను వదలకముందు టీకా అయిపోవాలి. వారం రోజుల పిల్లకు లసోటా చుక్క కంట్లోనో ముక్కులోనో, ఎనిమిది వారాలకు రెక్క కింద సూది. జబ్బు పడినదానికి వేయకూడదు. అదే రోజు బడిపిల్లలతో ముసలమ్మల దగ్గర కూర్చోబెట్టి వాళ్లు చెప్పేది రాయించండి. పెట్టను పాలుకు ఇచ్చినప్పుడు మన అవ్వలు చెప్పిన పది మాటల పక్కన టీకా తేదీ పదకొండో మాటగా చేరాలి.