డ్రైవు సాపేక్ష మార్గం (స్ప్రెడ్‌షీట్ మాక్రోలు)

పల్నాడు జిల్లాలోని మాచర్ల, గురజాలలకు చెందిన, పెన్‌డ్రైవులో ఉన్న పట్టికలను ఒక ఎక్సెల్ మాక్రోతో తెరిచి కలపాలనుకుందాం. పెన్‌డ్రైవు ఒక కంప్యూటర్‌లో ‘ఇ’ అయితే మరోదాంట్లో ‘ఎఫ్’ కావచ్చు. డ్రైవు అక్షరాన్ని మాక్రోలో బిగించడం అందుకే తప్పు. ‘ఇ:’ తర్వాత ఏటవాలు గీత పెట్టకుండా ఫైలు పేరు రాస్తే, అంటే డ్రైవు సాపేక్ష మార్గం ఇస్తే, చిక్కు ఇంకా పెద్దది. విండోస్ ఆ ఫైలును డ్రైవు మొదటి నుంచి కాక, ఆ డ్రైవులో ఆ సమయానికి ప్రస్తుత ఫోల్డరుగా ఉన్నదానిలో వెతుకుతుంది. ముందే ఫోల్డరు మారుద్దామంటే, మాక్రోలోని సీహెచ్‌డిర్ ఆదేశం ఫోల్డరును మారుస్తుందే గాని డ్రైవును మార్చదు. అందుకు సీహెచ్‌డ్రైవ్ వేరే కావాలి.

దిస్‌వర్క్‌బుక్.పాత్ మాక్రో ఉన్న చోటునే చెబుతుంది గనుక, దానికి ఏటవాలు గీత, ఫైలు పేరు జోడించడం మేలు. ఒక్కసారైనా సేవ్ చేయని ఫైలుకు అది ఖాళీగా వస్తుందన్న ఆక్షేపణ నిజమే, సేవ్ చేస్తే తీరుతుంది. వన్‌డ్రైవ్‌లో వెబ్ చిరునామా రావడం మాత్రం గట్టి అభ్యంతరం. అక్కడ ఫోల్డరును వాడేవారినే ఎంచుకోమనాలి.