కప్పు కింద సామాను

గోదావరిఖనిలో ఇంటి సామాను వయసును పండుగలతో లెక్కకడతారు. ఫ్రిజ్ ఫలానా దసరాది, కూలర్ ఫలానా దీపావళిది. సింగరేణి బొగ్గు గనుల కార్మికులకు దసరాకు లాభాల వాటా, దీపావళికి బోనస్ చేతికందే ఊరు మరి. మా చిన్నాయన ఇంట్లోనూ అంతే. గోద్రెజ్ బీరువా, టేకు మంచం, గాజు తలుపుల షెల్ఫు, కుట్టుమిషన్, అన్నీ ఏదో ఒక పండుగ పూట రిక్షా ఎక్కి వచ్చినవే. బోనస్‌తో సంబంధం లేనిది ఒక్క సందూక. అది చిన్నమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. పెండ్లిచీర, కంచు చెంబులు, ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్లు, చిన్నాయన నౌకరీ కాగితాలు అందులోనే ఉండేవి.

ఆ సామాను పోయిన తీరు చెప్పాలంటే ముందు ఆయన పని గురించి చెప్పాలి.

1974లో ఫిల్లర్‌గా బాయిల, అంటే బొగ్గు గనిలో, దిగాడు. అప్పట్లో బొగ్గును తట్టలకెత్తి టబ్బు నింపాలి. కొన్నేండ్లకు టింబర్‌మన్ అయ్యాడు. బొగ్గు తీసినకొద్దీ మీద మిగిలే బండకు కర్ర ప్రాపులు పెట్టి నిలబెట్టే పని. కర్రతో బండను కొట్టి, రెండో చెయ్యి బండకానించి వినేవాడు. ఖంగుమంటే గట్టిది. డొల్లగా పలికిందంటే ఆ పొర పైబండను వదిలిందన్నట్టే. కర్ర ప్రాపు విరిగే ముందు చిటపటమంటుంది, ఇనుప ప్రాపు ఏమీ చెప్పదు, అందుకే పాతవాళ్లు కర్రనే నమ్మేవాళ్లు. ఆసరాగా వదిలిన బొగ్గు పిల్లర్లు తీసే చోట ఇంకో కట్టుబాటు ఉంది. బండను దింపే ముందు టబ్బులు, పట్టాలు, పనిముట్లు మొత్తం గట్టి దిక్కుకు లాగేస్తారు. ప్రాపులు పీకేది ఆ తర్వాతే. వెనక కూలిపోయే ఖాళీని గోఫ్ అంటారు. గోఫ్‌లో మరిచిన గొడ్డలి మళ్లీ చేతికి రాదు. సామాను ముందు, కప్పు తర్వాత. అదే వరసలో ఆయన ముప్పై ఏండ్లకు పైగా బతికాడు.

సొంత ఇంటికి వచ్చేసరికి ఆ వరస తప్పింది. ఎందుకు తప్పిందని చుట్టాలంతా ఆయన్నే అడిగారు. నాకైతే ఆ తప్పు ఆయన ఒక్కడిదిగా కనిపించలేదు.

కంపెనీ క్వార్టర్‌లో ఉన్నన్నాళ్లు వానాకాలం ముందు కప్పు కారకుండా మరమ్మతు చేసేవాళ్లు. ముందురోజు సాయంత్రమే ఇల్లు ఖాళీ. బియ్యం డబ్బా ఒకరింటికి, సందూక ఇంకొకరింటికి, దేవుని పటాలు మూడో ఇంటికి పోయేవి. వంట నాలుగో ఇంట్లో. ఒకాయన ఫస్ట్ షిఫ్ట్, ఒకాయన నైట్ షిఫ్ట్ కాబట్టి వరుసలో ఏ పూటైనా ఒక మొగమనిషి ఇంటి దగ్గరుండేవాడు. బీరువా ఎత్తాలంటే కేకేస్తే చాలు. ఎవరి గిన్నె ఎవరింట్లో ఉందో పిల్లలమైన మాకు తెలిసేది.

1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులుండేవారు. ఇప్పుడు దాదాపు 40,000. బొగ్గెత్తే ఎస్‌డీఎల్ యంత్రాలొచ్చి ఫిల్లర్ల తట్టలు పోయాయి, రూఫ్ బోల్టులొచ్చి కర్ర ప్రాపులు తగ్గాయి, ఓపెన్‌కాస్టులొచ్చి బాయి దిగేవాళ్లే తగ్గారు. రిటైరైనవాళ్లు క్వార్టర్ అప్పగించాలి. ఒకరు సొంతూరికి, ఒకరు కరీంనగర్‌కు, ఒకరు హైదరాబాద్‌లో కొడుకు దగ్గరికి. చిన్నాయన 2011లో దిగిపోయి, గోదావరిఖనిలోనే కొనుక్కున్న చిన్న ఇంటికి మారాడు. నడుమ ఒక స్లాబు గది, ముందూ వెనకా సిమెంటు రేకులు. అటూ ఇటూ అద్దెకుండేవాళ్లు. వాళ్లు ఆరునెలలకోసారి మారేవాళ్లు.

మే నెలలో 45 డిగ్రీలు దాటే ఊళ్లో రేకుల కింద ఎట్లుంటారని, 2018లో కొడుకు పట్టుబట్టాడు. రేకులు తీసి, నడిమి గదికి కలిపి స్లాబు పోయిద్దామన్నాడు. రెండు నెలల పనన్నాడు మేస్త్రి. మేస్త్రుల రెండు నెలలు ఎన్నో అందరికీ తెలుసు. ఒక గది అద్దెకు తీసుకుని సామాను మారుద్దామని చిన్నమ్మ ఒక్కతే అంది. ఎత్తేది ఎవరు, దించేది ఎవరు? సామానంతా నడిమి గదిలోకి చేరింది. గోడకు ఆనించి బీరువా, దాని పక్కన విప్పిన మంచం, మూలకు సందూక, దాని మీద పరుపులు. చౌరస్తాలో పాలిథిన్ చుట్ట కొనుక్కొచ్చి, గాలి దూరకుండా చుట్టి తాళ్లతో బిగించారు. సిమెంటు దుమ్ము నుంచి కాపాడాలన్నదే అందరి ధ్యాస.

కొత్త కాంక్రీటుకు అతికించడానికి పాత స్లాబు అంచులు పగలగొట్టి ఊచలు బయటికి తీశారు. చిన్నాయన రోజూ సెంట్రింగ్ కింద తిరిగి, ఒక్కో కర్రనూ తట్టి చూసేవాడు. రెండు చోట్ల మేకులు కొట్టించాడు కూడా. స్లాబు పోసిన మర్నాడు మీద మట్టి గట్లు కట్టి నీళ్లు నిలిపారు. పాత కాంక్రీటూ కొత్తదీ కలిసే అతుకు ఎప్పుడూ బలహీనమే. ఆ సన్నటి సందులోంచి నీళ్లు దిగాయి. చుక్కలుగా పడి ఉంటే ఎవరో ఒకరు వినేవాళ్లు. అవి గోడ వెంబడి జారి పాలిథిన్ వెనక్కి చేరాయి. చప్పుడే లేదు. తడి లోపలికైతే పోయింది గానీ, బిగించి కట్టిన పాలిథిన్ దాన్ని బయటికి రానివ్వలేదు. ఆ తర్వాత వానలు మొదలయ్యాయి. కూలీలు నాట్లకని ఊళ్లకు పోయారు.

2003 జూన్ 16న గోదావరిఖనిలోని ఏడో ఎల్ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది పోయారు. ఆ రోజు ఇంకో బాయిలో డ్యూటీ చేసి పైకొచ్చిన మనిషి చిన్నాయన. "నీళ్లంటే ఉరుముకుంట వస్తయనుకున్న బిడ్డా" అన్నాడు నాతో, సామాను పాడయ్యాక.

కట్లు విప్పేనాటికి గదిలో పుట్టగొడుగుల వాసన. బీరువా అడుగు తుప్పుతో అట్టలా ఊడింది. టేకు మంచం గట్టిదే, పట్టీల మీద బూజు తప్ప ఏమీ కాలేదు. ప్లైవుడ్ షెల్ఫు మాత్రం పుస్తకంలా పొరలు విచ్చుకుంది. సందూక అడుగు పలకల్లోకి చెదలు దారి కట్టాయి. పెండ్లిచీర జరీ నల్లబడింది, మడత పట్టి లేపితే మడతే చేతికొచ్చింది. కాగితాలు ముద్ద. ఫొటోలు ఒకదానికొకటి కరుచుకున్నాయి. వాటిని మంచినీళ్లలో నానేసి మెల్లగా విడదీయొచ్చని అక్కడ ఎవరికీ తెలియదు. చిన్నాయన ఎండలో కూర్చుని ఒక్కొక్కటీ గుంజాడు. ఒకరి మొహం ఇంకొకరి వీపుకు అంటుకుని వచ్చింది.

సందూక కింద నాలుగు ఇటుకలు పెట్టి, గోడకు జానెడు ఎడం ఉంచి, పాలిథిన్ బదులు పాత దుప్పట్లు కప్పి, వారానికోసారి విప్పి చూసుంటే సగమైనా దక్కేది. బాయిల అయితే ఆయన ప్రతి షిఫ్టులో అట్లాగే చూసేవాడు. ఇంట్లో దుమ్ము గురించి చెప్పినవాళ్లు చాలామంది, తడి గురించి చెప్పినవాళ్లు లేరు.

పాత ఇనుప సామాను బండివాడు బీరువాను కిలోల లెక్కన తూచుకుపోయాడు. స్లాబు మాత్రం చివరికి బాగా వచ్చింది, ఇప్పుడు ఒక్క చుక్క కారదు. కింద టైల్స్ వేశారు, ప్లాస్టిక్ కుర్చీలు తెచ్చారు. చిన్నాయన ఆ కుర్చీల్లో ఎప్పుడూ కుదురుగా కూర్చోలేదు. మాట తగ్గింది. కొత్త మంచం కొంటానంటే వద్దని, ఆ బూజు పట్టిన మంచాన్నే కడిగి బిగించుకున్నాడు. 2021లో పోయాడు. దండ వేయడానికి ఫొటో కోసం వెతికితే పెన్షన్ కాగితం మీది చిన్న ఫొటో ఒక్కటే దొరికింది. దాన్నే పెద్దది చేయించారు. ఆఫీసు ముద్ర సగం నుదుటి మీదుంది.

పోయినేడు ఆ వాడలోనే ఒకింటికి మీద గది లేపడం మొదలుపెట్టారు. చిన్నమ్మ తనంతట తానే పోయి, "మీ సామాను మా నడిమింట్ల పెట్టుకోండ్రి, జాగుంది" అని చెప్పొచ్చింది. వాళ్లు మొహమాటపడుతూ టీవీ ఒక్కటి తెచ్చి పెట్టారు. బీరువా బరువని వదిలేసి, దానికి పాలిథిన్ చుట్టుకున్నారు.