లేవిడి హత్యలు (1967)
అప్పటి శ్రీకాకుళం జిల్లా, నేటి పార్వతీపురం మన్యం జిల్లాలోని లేవిడి దగ్గర 1967 అక్టోబరు 31న జరిగిన జంట హత్యలు. మొండెంఖల్లులో గిరిజన సంఘం మహాసభకు నడిచి వెళ్తున్న గిరిజనులను భూస్వాముల మనుషులు దారికాచి అడ్డుకున్నారు. కాల్పుల్లో కోరన్న, మంగన్న చనిపోయారు. పాలేర్ల కూలి పెంచాలని, షావుకార్లు, భూస్వాముల చేతుల్లోకి పోయిన భూములు తిరిగి ఇవ్వాలని ఆ సంఘం పోరాడుతూ వచ్చింది. వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం అనే ఇద్దరు బడిపంతుళ్లు దానికి నాయకులు. కేసు కోర్టుకెక్కింది గాని, నిందితులు నిర్దోషులుగా బయటపడ్డారు. పట్టపగలు పోయిన రెండు ప్రాణాలకు ఎవరికీ శిక్ష పడకపోవడం ఈ ఉదంతంలో అన్నిటికన్నా దారుణం. న్యాయస్థానం మీద గిరిజనులకు మిగిలిన కాస్త నమ్మకమూ ఆ తీర్పుతో పోయింది. ఆ తర్వాత 1968 నవంబరు 25న గరుడభద్ర గ్రామంలో భూస్వామి పంటను బలవంతంగా కోయడంతో శ్రీకాకుళ సాయుధ పోరాటం మొదలైంది.